అంగుళమున్నర ముచ్చట

కొత్త కారు కొన్న ఇంట్లో మూడు తగాదాలు తప్పవు. మొదటిది రంగు గురించి. అది కొనకముందే ఎలాగో తీరిపోతుంది. రెండోది ముందు సీట్లో ఎవరు కూర్చోవాలన్నది. అది బండి అమ్మేసేదాకా తీరదు. మూడోది ఈ మధ్యనే బయలుదేరింది. కారు పొట్ట నేలకు ఎంత ఎత్తున ఉండాలన్నది.

కార్ఖానావారు నిర్ణయించిన ఎత్తులో బండి నడపటం మన కుర్రకారులో కొందరికి నామోషీగా ఉంటున్నది. కారు కాస్త జోరుగలదైతే మరీను. ఉన్న స్ప్రింగులు తీయించి, పొట్టి స్ప్రింగులు వేయించి, బండిని అంగుళమో రెండంగుళాలో కిందికి దించుతున్నారు. దించిన బండి వేటకు పొంచిన చిరుతలా ఉంటుందని కొడుకులు అంటారు. బురదలో కూరుకుపోయిన గేదెలా ఉంటుందని తండ్రులు అంటారు. ఇద్దరూ ఉపమాలంకారం దగ్గరే ఆగిపోవటంచేత తగాదా తెగటం లేదు. ఈ వారం అలంకారాలు పక్కనపెట్టి కొలతలు చూద్దాం.

ఈ ప్రస్తావనకు కారణం ఒక పాఠకురాలి ఉత్తరం. ఆవిడ విశాఖపట్నంలో ఉంటారు. కొడుకు ఉద్యోగంలో చేరి, సొంత డబ్బుతో ఫోక్స్‌వాగన్ వర్టస్ జీటీ కొన్నాడు. ఒకటిన్నర లీటరు ఇంజను, 150 గుర్రాల బలం. "బండి బంగారంలా నడుస్తున్నదండీ. కాని మావాడు దాన్ని నలభై మిల్లీమీటర్లు దించుతానంటున్నాడు. దించితే ఆ కారెక్కనని వాళ్ళ నాన్నగారు భీష్మించుకున్నారు. నెలకోసారి మా అత్తగారిని ఊరికి తీసుకెళ్ళాలి. ఆవిడకు నడుం నొప్పి. తండ్రీ కొడుకులిద్దరూ నన్నే సాక్ష్యానికి పిలుస్తున్నారు. నాకు బండి నడపటమే రాదు. ఏం చెప్పమంటారు?" అని రాశారు.

నలభై మిల్లీమీటర్లంటే అంగుళమున్నర. ఇంతోటి దానికి ఇంత రభసా అనుకోకండి. చెప్పులో రాయి పరిమాణం ఎంత? అయినా కాలికి తెలియదూ!

ముందు అబ్బాయి పక్షం విందాం. అతని మాటలో నిజం లేకపోలేదు. గడ్డిమోపులు నిలువెత్తున వేసుకున్న ఎడ్లబండి మలుపులో ఎలా ఒరుగుతుందో మీరు చూసే ఉంటారు. అంతే బరువు ఇటుకలు వేస్తే ఒరగదు. ఇటుకల బరువు కిందనే ఉంటుంది గనక. కారుకూ అదే సూత్రం. బరువంతా ఒకచోట పోగుపడినట్టు లెక్కకట్టుకునే బిందువును గరిమనాభి అంటారు. అది ఎంత కింద ఉంటే మలుపులో బండి అంత నిలకడగా ఉంటుంది.

ఇందులో టైర్ల పాత్ర కూడా ఉన్నది. మలుపు తిరిగేటప్పుడు బరువు లోపలి చక్రాల మీదినుంచి వెలుపలి చక్రాల మీదికి జరుగుతుంది. టైరు గుణం ఏమిటంటే, దాని మీద బరువు రెట్టింపయితే పట్టు రెట్టింపు కాదు. కొంచెం తక్కువే పెరుగుతుంది. అంచేత చక్రాలు బరువును సమంగా పంచుకున్నప్పుడు మొత్తం పట్టు ఎక్కువ. అది ఒక పక్కకే పోగుపడితే తక్కువ. మాట వరసకు ఒక సెడాన్ గరిమనాభి నేలకు 55 సెంటీమీటర్ల ఎత్తున ఉన్నదనుకోండి. నాలుగు సెంటీమీటర్లు దించితే 51. అంటే అటూ ఇటూ జరిగే బరువు నూటికి ఏడు పాళ్ళు తగ్గుతుంది. పందేలలో నూటికి ఒక పాలు కోసం ప్రాణం పెడతారు. కాబట్టి చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై పందెపు బాట మీద, అద్దంలాటి తారు మీద, ఒంటరిగా బండి తోలేవాడు స్ప్రింగులు పొట్టివి వేయించుకున్నాడంటే అతన్ని తప్పుపట్టవలసిన పని లేదు.

ఇక రెండో పక్షం. స్ప్రింగు పని బండిని మోయటం ఒక్కటే కాదు. చక్రం రాయి ఎక్కినప్పుడు పైకి, గోతిలో పడినప్పుడు కిందికి ప్రయాణం చేస్తుంది. ఆ ప్రయాణం లోపల కూర్చున్నవారికి తెలియకుండా దాచటం స్ప్రింగు అసలు పని. బండి ఎత్తులో కొంత భాగం చక్రానికి మనం ఇచ్చే ప్రయాణ భత్యం అన్నమాట. బండిని దించితే కోత పడేది ఆ భత్యంలోనే.

ఈ కోత ఎంతటిదో చూడండి. చక్రం పైకి కదలటానికి ఎనిమిది సెంటీమీటర్ల చోటు ఉన్నదనుకుందాం. నాలుగు కోసేశాం. సగం మిగిలింది. స్ప్రింగు మింగగలిగే దెబ్బ కూడా సగమవుతుందని మనం అనుకుంటాం. కాదు. అది నొక్కుకుపోయే దూరపు వర్గాన్నిబట్టి ఉంటుంది. దూరం సగమైతే మింగే శక్తి నాలుగో వంతుకు పడిపోతుంది. పాత దెబ్బనే తట్టుకోవాలంటే కొత్త స్ప్రింగు నాలుగు రెట్లు గట్టిగా ఉండాలి. అంత గట్టి స్ప్రింగుతో మన రోడ్ల మీద తిరిగితే పళ్ళు ఊడతాయి. అంచేత బజారులో అమ్మే పొట్టి స్ప్రింగులు పాతవాటికన్నా కాస్త గట్టిగా మాత్రమే ఉంటాయి. మరి మిగిలిన దెబ్బ ఎవరు మింగుతారు? ప్రతి చక్రం దగ్గరా ఆఖరి ఆసరాగా ఒక రబ్బరు గుబ్బ ఉంటుంది. స్ప్రింగు పూర్తిగా అణిగిపోయినప్పుడు ఇనుము ఇనుముకు తగలకుండా కాపాడటానికి పెట్టింది. ఎప్పుడో ఆపద్ధర్మంగా చేయవలసిన పనిని ఆ గుబ్బ రోజూ చేయవలసి వస్తుంది.

ఇక్కడే ఒక భ్రమ ఉన్నది. బండి గట్టిగా ఎగిరెగిరి పడుతుంటే కుర్రవాళ్ళకు వేగంగా పోతున్నట్టూ రోడ్డును కరుచుకున్నట్టూ అనిపిస్తుంది. వాపు చూసి బలుపు అనుకోవటమంటే ఇదే. గతుకుల మలుపులో చక్రం రబ్బరు గుబ్బకు తగిలిన క్షణాన ఆ మూలన స్ప్రింగు లేనట్టే లెక్క. టైరు రోడ్డును వదిలి గెంతుతుంది. గాలిలో ఉన్న టైరుకు పట్టు సున్న. ఏడు పాళ్ళు మిగుల్చుకున్నామన్న సంతోషం ఆ క్షణంలో ఎందుకూ పనికిరాదు.

మరొక మెలిక కూడా ఉన్నది. ఈ తరహా కార్లలో ముందు చక్రాన్ని కింద ఒక ఇనుప చెయ్యి పట్టుకుని ఉంటుంది. ఆ చెయ్యి ఏ కోణంలో ఉండాలో కార్ఖానాలో లెక్కగట్టి పెడతారు. బండిని దించితే చక్రాలు అక్కడే ఉంటాయి, బండి కిందికి వస్తుంది. అంచేత ఆ చెయ్యి లోపలి కొస కిందికీ వెలుపలి కొస పైకీ తిరుగుతుంది. దానివల్ల బండి ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో ఆ బిందువు కూడా కిందికి దిగిపోతుంది. గరిమనాభి దిగినదానికన్నా ఇది ఎక్కువ దిగుతుంది. అంటే రెండింటి మధ్యా దూరం పెరిగింది. గునపం ఎంత పొడుగైతే రాయి అంత సుళువుగా లేస్తుంది గదా! అలాగే ఈ దూరం పెరిగినకొద్దీ బండిని ఒరిగించే బలం పెరుగుతుంది. ఒరుగు తగ్గించటానికి దించితే ఒరిగే గుణం హెచ్చిందన్నమాట. దాన్ని అణచటానికి మళ్ళీ స్ప్రింగే గట్టిపడాలి. వీటికి తోడు, చక్రాల వాలు మారిపోయి టైర్లు ఒక అంచున ముందుగా అరిగిపోతాయి.

షాకబ్జర్ల సంగతి చెప్పనే లేదు. స్ప్రింగు ఊగుతుంది, షాకబ్జరు ఆ ఊపును ఆపుతుంది. ఇద్దరూ ఆలుమగలవంటి వారు. ఒకరి స్వభావం ఎరిగి రెండోవారిని కుదిర్చి ఉంటారు. స్ప్రింగు ఒక్కదాన్నే మార్చి షాకబ్జరును పాతదే ఉంచితే అది కొత్త స్ప్రింగు ఊపును సరిగా ఆపలేదు. కొన్నాళ్ళకు చమురు కారి చచ్చిపోతుంది. ఇంకొందరు డబ్బు ఆదా చేద్దామని ఉన్న స్ప్రింగునే రంపంతో కోయిస్తారు. కూర్చున్న కొమ్మను నరుక్కోవటం ఇదే. చక్రం గోతిలోకి వేలాడినప్పుడు ఆ తెగిన స్ప్రింగు తన పీటలోంచి పక్కకు తప్పుకునే ప్రమాదం ఉన్నది. ఆ పని మాత్రం ఎవరు చెప్పినా చేయించకండి.

కార్ఖానాలవాళ్ళు బండ్లను దించరా అంటే, దించుతారు. ఇంగ్లండులో ఫోర్డు కంపెనీవారి కార్టినా శుద్ధ సంసారపక్షపు కారు. లోటస్ కంపెనీవారు దానికి తమ ఇంజను పెట్టి, బండిని దించి, వెనకవైపు కమాను పట్టీలు తీసేసి చుట్టల స్ప్రింగులు వేసి, 1963లో లోటస్ కార్టినాగా తయారుచేశారు. 1964లో జిమ్ క్లార్క్ ఆ కారుతోనే బ్రిటిష్ సెలూన్ కార్ల ఛాంపియన్‌షిప్ గెలిచాడు. పందెంలో పేరు మోగిపోయింది. కాని కొనుక్కున్నవారి ఇళ్ళ దగ్గర కథ వేరు. వెనక ఇరుసును పట్టుకోవటానికి కొత్తగా పెట్టిన ఇనుప చట్రం ఒత్తిడికి ఇరుసు పెట్టె అతుకుల్లోంచి చమురు కారేది. కారిన చమురు రబ్బరు బుష్షులను మెత్తబరిచేది. చివరకు 1965లో ఆ ఏర్పాటు మానుకుని మళ్ళీ కమాను పట్టీలకే వచ్చారు. ఉద్దండులైన ఇంజనీర్లు, చేతిలో కార్ఖానా పెట్టుకుని చేసిన పనికే ఈ గతి పట్టింది.

ఆ లోటస్ సంస్థను స్థాపించిన కోలిన్ చాప్‌మన్ స్ప్రింగుల విషయంలో పట్టిన దారి మన కుర్రవాళ్ళు అనుకునే దానికి పూర్తిగా విరుద్ధం. 1962లో వచ్చిన లోటస్ ఇలాన్ కారుకు స్ప్రింగులు మెత్తన, చక్రాల ప్రయాణం పొడుగు. ఊపును ఆపే పని మంచి షాకబ్జర్లది. మలుపుల్లో దాని నిలకడను ఈనాటికీ ఇంజనీర్లు ఉదాహరణగా చెప్పుకుంటారు. రోడ్డుకు అంటుకుపోవాలంటే బిగుసుకుపోవాలన్న నియమం ఏమీ లేదన్నమాట.

ఇప్పుడు అత్తగారి నడుం నొప్పికి వద్దాం. నా మట్టుకు అసలు విషయం ఇదే. నడిపేవాడికి గొయ్యి ముందుగా కనిపిస్తుంది. చేతిలో స్టీరింగు ఉంటుంది. ఒళ్ళు బిగబట్టుకుంటాడు. వెనక సీట్లో వారికి గొయ్యి కనబడదు, పట్టుకోవటానికి ఏమీ ఉండదు, పైగా వెనక ఇరుసుకు దగ్గరగా కూర్చుని ఉంటారు. 1930ల తొలినాళ్ళలో మారిస్ ఓలీ అనే ఇంగ్లీషు ఇంజనీరు అమెరికాలో కాడిలాక్ కంపెనీలో దీన్ని గురించి ప్రయోగాలు చేశాడు. దిబ్బ మీదికి ముందు చక్రాలు ముందుగా ఎక్కుతాయి. వెనక చక్రాలు ఒక లిప్త ఆలస్యంగా ఎక్కుతాయి. ముందు స్ప్రింగులు నిదానంగానూ వెనకవి కాస్త త్వరగానూ ఊగేటట్టు చేస్తే, వెనక ఊపు ముందు ఊపును అందుకుంటుంది. బండి ముక్కు పైకీ కిందికీ ఆడకుండా సర్దుకుంటుంది. కార్ల తయారీలో ఇది పెద్ద పాఠమైంది. కొడుకు మార్చబోయేది నాలుగు స్ప్రింగులే కావచ్చు. కాని ఆ నాలుగింటి మధ్యనున్న ఈ పొత్తును ఎవరు లెక్కగట్టారో స్ప్రింగుల దుకాణంలో అడిగి చూడమనండి.

సరే, స్పీడు బ్రేకర్ల లెక్క చూద్దాం. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వారి కొలతల ప్రకారం స్పీడు బ్రేకరు 3.7 మీటర్ల వెడల్పున, 10 సెంటీమీటర్ల ఎత్తున, 17 మీటర్ల వ్యాసార్ధం గల వృత్తంలో ముక్కలా నున్నగా ఉండాలి. వర్టస్ ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్య దూరం 2.65 మీటర్లు. అంటే అలాటి దిబ్బ మీద నాలుగు చక్రాలూ ఒకేసారి ఎక్కి నిలబడగలవు. అప్పుడు నడుమ దిబ్బ పొడుచుకువచ్చేది అయిదు సెంటీమీటర్లకు కొంచెం పైన, అంతే. ఖాళీ బండికి కంపెనీవారు చెప్పే ఎత్తు 179 మిల్లీమీటర్లు. మనుషులూ సామానూ ఎక్కాక ఒక మూడు సెంటీమీటర్లు కిందికి కూర్చున్నదనుకున్నా, ఆ పైన నలభై మిల్లీమీటర్లు దించినా, ఇంకా అయిదున్నర సెంటీమీటర్లు మిగులుతుంది. అబ్బాయి గెలిచాడు!

కాని ఆ కొలతల స్పీడు బ్రేకరు మన వీధిలో ఎక్కడ ఉన్నది? మన వీధుల్లో దిబ్బలు మేస్త్రీ ఓపికనుబట్టీ మిగిలిన కాంక్రీటునుబట్టీ పుడతాయి. జానెడు వెడల్పున, పదిహేను సెంటీమీటర్ల ఎత్తున ఒకటి ఉన్నదనుకోండి. ముందు చక్రాలు దాటాయి, వెనకవి ఇంకా ఎక్కలేదు. చక్రాలన్నీ నేల మీదే ఉన్నాయి, దిబ్బ మొత్తం బండి పొట్ట కింద ఉన్నది. 179లోంచి బరువుకు 30 తీసేస్తే 149. దిబ్బ 150. కార్ఖానా ఎత్తులోనే ఉన్న బండి ఒక మిల్లీమీటరు గీసుకుంటూ పోతుంది. దించిన బండికి మిగిలేది 109. అది గీసుకోదు, గుద్దుకుంటుంది. అక్కడ ఉండేది ఏమిటి? ఇంజను కింద చమురుండే సంపు. అది పగిలి చమురు కారిపోయిన సంగతి గమనించకుండా నాలుగు మైళ్ళు పోతే ఇంజను పట్టేస్తుంది. అంగుళమున్నర ముచ్చట లక్షల్లో తేలుతుంది.

చట్టం మాట కూడా చెప్పాలి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను, తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ సంగతిని గట్టిగా చెప్పింది. అదే సంవత్సరం చట్టాన్ని సవరించి, అనుమతిలేని ఒక్కొక్క మార్పుకూ 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలలవరకూ జైలు, లేదా రెండూ పెట్టారు. స్ప్రింగుల మార్పు దీనికిందికి వస్తుందా రాదా అని వాదించుకోవచ్చు. చిక్కేమిటంటే, ఆ వాదన చేయవలసింది దుకాణంలో కాదు. యాక్సిడెంటు జరిగిన తరవాత, ఇన్సూరెన్సువారి ముందు. కంపెనీ వారంటీ మీదా అదే పేచీ రావచ్చు. అంచేత ఏ మార్పుకైనా ముందు రవాణా శాఖవారినీ, ఇన్సూరెన్సువారినీ అడిగి, జవాబు కాగితం మీద తీసుకోవటం మంచిది.

ఇక ఏం చెప్పమంటారు అన్న ప్రశ్నకు జవాబు. అమ్మా, మీరు తీర్పు చెప్పవద్దు. ఒక పని చేయండి. ఈసారి ఊరికి బయలుదేరే రోజున అందరూ ఎప్పటిలాగే కార్లో కూర్చోండి. వెనక డిక్కీలో బియ్యం బస్తా, పచ్చడి జాడీలు, అత్తగారి మడతమంచం, అన్నీ సర్దండి. అప్పుడు మీ అబ్బాయిని స్కేలు తీసుకుని కిందికి వంగి, బండి పొట్టకూ నేలకూ మధ్య ఎంత ఉన్నదో కొలవమనండి. తరవాత దారిలో అన్నిటికన్నా ఎత్తయిన స్పీడు బ్రేకరు దగ్గర ఆగి దాన్నీ కొలవమనండి. మొదటి అంకెలోంచి రెండోదీ, పైన నలభై మిల్లీమీటర్లూ తీసివేయమనండి. ఏదైనా మిగిలితే అప్పుడు మాట్లాడుకోవచ్చు.

అబ్బాయికి బండి ఇంకా బాగా నడవాలన్న కోరిక ఉంటే దానికి వేరే దారి ఉన్నది, ఖర్చూ తక్కువే. మొదట మంచి టైర్లు. రోడ్డును తాకేది అవి మాత్రమే. తరవాత వాటిలో సరైన గాలి, సరైన వీల్ అలైన్‌మెంటు. బండి కాస్త నడిచాక షాకబ్జర్లు అలిసిపోతే మంచివి వేయించవచ్చు. ఈ మూడూ చేసిన తరవాత కూడా చక్రం మీద సందు చూసి మనసు ఆగకపోతే, పై అనుమతులన్నీ దొరికితే, పదిహేను ఇరవై మిల్లీమీటర్లకు మించకుండా, స్ప్రింగులూ షాకబ్జర్లూ ఒకే జతగా తయారైనవి తీసుకుని, బిగించిన రోజునే అలైన్‌మెంటు చేయించమనండి. సొగసు కోసం చేస్తున్నానని ఒప్పుకుని చేస్తే అందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు. క్షేమం కోసం చేస్తున్నానంటేనే పేచీ.

తండ్రిగారికి కూడా ఒక మాట. కారెక్కనని భీష్మించటం మాని, ఆ స్కేలు రెండో కొస మీరు పట్టుకోండి. అబ్బాయి సొంత జీతంతో కొన్న బండి అది. లెక్క అతని చేతనే కట్టిస్తే అతను వింటాడు. గేదె అంటే వినడు.

ఒకవేళ మార్పే జరిగితే, తీసిన స్ప్రింగుల్ని పాత ఇనుప సామాన్లవాడికి వేయకండి. గోనెసంచిలో చుట్టి అటక మీద పెట్టండి. రేపు అబ్బాయికి పెళ్ళై, ఇంట్లో ఉయ్యాల కట్టే రోజు వచ్చినప్పుడు, అతనే నిచ్చెన వేసుకుని వాటిని దించుతాడు.